ఇంకో కాంటాక్టు తగ్గుతుందా

ఎలక్ట్రికల్, కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లే మన పిల్లలు అక్కడ దిగిన కొద్ది నెలలకే ఒక సంగతి తేల్చుకోవాలి. థీసిస్ రాయడమా, కోర్సులతో సరిపెట్టుకోవడమా? థీసిస్ అంటే ముందు ప్రొఫెసర్ దొరకాలి, తర్వాత సమస్య దొరకాలి, అది తెమలక చదువు ఇంకో సెమిస్టర్ సాగినా సాగొచ్చు. ఫీజులకు అప్పు తెచ్చి, ఉద్యోగం కోసం చూస్తున్నవాడికి అది గిట్టుబాటు వ్యవహారం కాదు. చాలామంది కోర్సులవైపే మొగ్గుతారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మొదటి సెమిస్టర్‌లో వాళ్లు చదివే డిజిటల్ డిజైన్‌కు పునాది వేసింది ఒక ఎమ్మెస్ థీసిసే. దాని మీద 1937 ఆగస్టు 10 అని తేదీ ఉంటుంది. రాసినతనికి అప్పటికి 21 ఏళ్లు. పేరు క్లాడ్ షానన్, చోటు ఎంఐటీ. రిలే సర్క్యూట్లనూ స్విచింగ్ సర్క్యూట్లనూ గణిత సంకేతాలతో విశ్లేషించడం అందులో విషయం.

ఈ థీసిస్ గురించి అందరూ చెప్పే మాట ఒకటే. పందొమ్మిదో శతాబ్దంలో జార్జ్ బూల్ తర్కానికి కట్టిన ఆల్జీబ్రాను షానన్ తెచ్చి స్విచ్చులకు ముడివేశాడు, కంప్యూటర్లు పుట్టాయి. మాట అబద్ధం కాదు. కానీ గొప్పతనమంతా ఆ ముడిలోనే ఉందంటే మరి కొందరికి కూడా వాటా పంచాలి. జపాన్‌లో నిప్పాన్ ఎలక్ట్రిక్ ఇంజినీరు అకిరా నకషిమా అప్పటికే రిలే సర్క్యూట్ల మీద వ్యాసాలు రాస్తున్నాడు. మాస్కోలో విక్టర్ షెస్తకోవ్ సొంతంగా అదే దారి పట్టాడు, అతని పని 1941లో గానీ అచ్చుకాలేదు. వీళ్లందరికంటే ముందే, 1910లో, భౌతికశాస్త్రవేత్త పాల్ ఎరెన్‌ఫెస్ట్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలకు తర్కపు ఆల్జీబ్రా పనికొస్తుందేమోనని సూచించి వదిలేశాడు. ఆలోచన గాలిలో ఉందన్నమాట. షానన్ థీసిస్ తెరిచి చదివితే నన్ను కట్టిపడేసేది ఆ ఆలోచన కాదు, పనితనం. ఒక్కో కాంటాక్టునూ లెక్కపెట్టుకుంటూ, ఇంకొకటి తగ్గుతుందా అని చూసుకుంటూ పోయే చేతినేర్పు.

నేపథ్యం క్లుప్తంగా చెప్పేస్తాను. షానన్ మిషిగన్ రాష్ట్రంవాడు. 1936లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో ఒకటి, గణితంలో ఒకటి, రెండు డిగ్రీలతో బయటికొచ్చాడు. అక్కడే తర్కశాస్త్రం క్లాసులో బూల్ పరిచయమయ్యాడు. నోటీసు బోర్డు మీద ఒక పోస్టుకార్డు చూసి ఎంఐటీకి దరఖాస్తు పెట్టాడు. అక్కడి ఇంజినీరు వనెవర్ బుష్ దగ్గర డిఫరెన్షియల్ ఎనలైజర్ నడపడానికి రీసెర్చ్ అసిస్టెంట్ కావాలని ఆ కార్డు సారాంశం. గది నిండా ఇరుసులూ పళ్లచక్రాలూ తిరిగే పెద్ద యంత్రం అది. డిఫరెన్షియల్ ఈక్వేషన్లను అంకెలతో కాక చక్రాల తిరుగుడుతో పరిష్కరించేది. షానన్ కన్ను మాత్రం చక్రాల మీద కంటే దాన్ని అదుపు చేసే రిలేల మీద పడింది. సుమారు వంద రిలేలు చిక్కుబడిన సర్క్యూట్ అది. 1937 వేసవిలో టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో కొన్నాళ్లు పనిచేశాడు. ఆ రోజుల్లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా రిలేలే.

రిలే అంటే పెద్ద రహస్యమేం లేదు. తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై ఒక ఇనుప ముక్కను లాక్కుంటుంది, ఆ ముక్క కదిలితే కొన్ని కాంటాక్టులు కలుస్తాయి, కొన్ని విడిపోతాయి. ఆ కాంటాక్టుల గుండా పోయే కరెంటు ఇంకో రిలేను కదిలించొచ్చు. ఇలాంటివి పది కలిస్తే ఏ రిలే ఎప్పుడు పనిచేస్తుందో కళ్లతో చూసి చెప్పడం కష్టం. ఆ రోజుల్లో డిజైనర్లు అనుభవం మీద, ఊహ మీద, గీసి చెరిపి మళ్లీ గీయడం మీద నెట్టుకొచ్చేవాళ్లు. సర్క్యూట్ పనిచేసేది, కానీ అందులో అక్కర్లేని కాంటాక్టులు ఎన్నున్నాయో చెప్పగలిగే సాధనం లేదు.

షానన్ మొదట చేసిన పని ఆ సాధనానికి పిడి బిగించడం. సర్క్యూట్‌లో రెండు బిందువుల మధ్య ఉండే అడ్డును ఒక అక్షరంగా రాశాడు. దారి కలిసి ఉంటే అడ్డు 0, విడిపోయి ఉంటే అడ్డు 1. రెండు కాంటాక్టులు వరుసగా ఉంటే కూడిక, సమాంతరంగా ఉంటే గుణకారం. ఇప్పుడు 1 + 1 = 1 అన్న సంగతి చూడండి. ఒకే తీగ రెండుచోట్ల తెగినా ఒకచోట తెగినా కరెంటు పోకపోవడం ఒకటేగా! 0 × 1 = 0 అంటే, రెండు దారుల్లో ఒకటి కలిసి ఉంటే రెండోది తెగినా ఫర్వాలేదని. మన జేఎన్‌టీయూ కాలేజీల్లో ఎస్‌టీఎల్‌డీ (స్విచింగ్ థియరీ అండ్ లాజిక్ డిజైన్) చదివినవాళ్లు ఇది చూసి కాస్త తికమకపడతారు, ఎందుకంటే ఇవాళ క్లాసులో చెప్పేది దీనికి తిరగేసిన పద్ధతి. కరెంటు పారితే 1, సమాంతరమైతే కూడిక. షానన్ పట్టికలో కలిసిన సర్క్యూట్‌కు తర్కంలో జోడీ 'అసత్యం'. మొదటిసారి చదివేవాడు అక్కడ తప్పకుండా తడబడతాడు. అయినా అతను ఎంచుకున్న పద్ధతే ఎలక్ట్రికల్ ఇంజినీరుకు సహజమని నాకనిపిస్తుంది. రెసిస్టెన్సులు వరుసలో కూడుకుంటాయని చదువుకున్న చేతికి అడ్డులు కూడుకోవడం కొత్తగా ఉండదు. పైగా ఈ ఆల్జీబ్రాలో కూడికనూ గుణకారాన్నీ, 0నూ 1నూ ఒకేసారి అటూ ఇటూ మార్చినా సూత్రాలన్నీ చెక్కుచెదరవు కాబట్టి, ఏ పద్ధతి పట్టుకున్నా నష్టం లేదు.

సూత్రాలను రుజువు చేసిన తీరు కూడా పనివాడి తీరే. మామూలు ఆల్జీబ్రాలో లేని సూత్రం ఒకటి తీసుకుందాం. అతని అక్షరాలకు బదులు మన అక్షరాలు వాడతాను: క + (చ × ట) = (క + చ) × (క + ట). దీన్ని రుజువు చేయడానికి ఎత్తులూ పైఎత్తులూ అక్కర్లేదు. ఒక్కో అక్షరానికి 0 గానీ 1 గానీ తప్ప వేరే విలువ లేదు కదా, మూడు అక్షరాలకు ఎనిమిది సందర్భాలు, ఎనిమిదీ వేసి చూసుకుంటే అయిపోయింది. గణితజ్ఞుడికి ఇది మొరటుగా కనబడొచ్చు. సర్క్యూట్ గీసే ఇంజినీరుకు మాత్రం ఇంతకంటే నమ్మకమైన రుజువు లేదు, ఎవరినీ అడక్కుండా తానే సరిచూసుకోవచ్చు.

సాధనం చేతికొచ్చాక దాన్ని ఎలా వాడాలో చూపడానికి షానన్ 13 కాంటాక్టులున్న ఒక సర్క్యూట్ తీసుకుంటాడు. దాని అడ్డును అక్షరాల్లో రాసి, సరళం చేస్తూ పోతాడు. అందులో మొదటి అడుగు దగ్గరగా చూడదగ్గది. ఒక కాంటాక్టు క వరుసలో ఉంది. దాని వెనకాల రెండు సమాంతర దారులు. ఒక దారిలో క′ ఉంది, అంటే క కలిస్తే విడిపోయేది, క విడిపోతే కలిసేది. రెండో దారిలో చ, ట వరుసగా ఉన్నాయి. క విడిపోయిందనుకోండి, కరెంటు అక్కడే ఆగిపోతుంది, వెనకాల ఏమున్నా ఒకటే. క కలిసి ఉందనుకోండి, అప్పుడు క′ తప్పనిసరిగా విడిపోయి ఉంటుంది, ఆ దారి లేనట్టే. రెండు సందర్భాల్లోనూ క′కు పనేం లేదు. పీకి పారెయ్యొచ్చు. కాగితం మీద ఇది ఒక్క గీతలో తేలిపోతుంది: క + క′ × (చ + ట) అన్నది క + చ + ట అవుతుంది.

రెండో అడుగు ఇంకా పదునైనది. ఒక అక్షరం వరుసలో విడిగా నిలబడి ఉంటే, దానితో వరుసగా ఉన్న మిగతా భాగంలో ఆ అక్షరం ఎక్కడ కనబడినా 0 అని రాసుకోవచ్చు, దాని తిరగేసిన రూపం కనబడితే 1 అని రాసుకోవచ్చు. కారణం పైన చెప్పిందే. ఆ అక్షరం 1 అయితే ఎలాగూ మొత్తం దారి మూసుకుపోతుంది, కాబట్టి మిగతా భాగాన్ని అది 0గా ఉన్నప్పటి సంగతిగానే చూస్తే చాలు. ఇలా రాసుకునేసరికి చివరి భాగంలోని కుండలీకరణాలు ఒకదాని వెంట ఒకటి కూలిపోతాయి. 13 కాంటాక్టుల్లో మిగిలేవి 6. మూడు వరుసగా, వాటి తర్వాత మూడు సమాంతరంగా. పాత సర్క్యూట్ చేసే పని ఇది అచ్చంగా చేస్తుంది. ఊహ మీద ఆధారపడిన డిజైనర్ ఇక్కడికి చేరేవాడేమో గానీ, చేరానని నమ్మకంగా చెప్పుకోలేకపోయేవాడు.

థీసిస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇంకా ముందుకెళ్లాక వస్తుంది. చాలా సందర్భాల్లో మనకు ఏ రిలే పనిచేసిందో అక్కర్లేదు, ఎన్ని పనిచేశాయన్నదే కావాలి. అలాంటి పనికి షానన్ ఒక మెట్ల అమరిక కట్టాడు. తీగ కింది అంతస్తులో, అంటే సున్నాలో, బయల్దేరుతుంది. మొదటి రిలే పనిచేస్తే దారి ఒక అంతస్తు పైకి మారుతుంది, పనిచేయకపోతే అదే అంతస్తులో ముందుకు పోతుంది. రెండో రిలే దగ్గర మళ్లీ అంతే, మూడో రిలే దగ్గరా అంతే. చివరికి తీగ ఎన్నో అంతస్తులో తేలితే అన్ని రిలేలు పనిచేసినట్టు. ఏ రిలేలు, ఏ క్రమంలో అన్న గొడవ లేదు. లెక్కపెట్టడం అనే పనిని తీగల అల్లికే చేసేస్తోంది! మన ఇళ్లలో కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు పెట్టి మెట్ల లైటు వెలిగించుకుంటామే, అది ఈ కుటుంబంలో పిల్లసర్క్యూట్. షానన్ దాన్ని కూడా ఎన్ని చోట్ల నుంచయినా ఒకే దీపాన్ని వేసి ఆర్పుకునేలా విస్తరించి చూపాడు. అక్కడ అంతస్తులు రెండే చాలు, సరి, బేసి.

ఈ మెట్ల అమరికతో అతను చేసిన మొదటి ఉదాహరణ మీద కొంచెం నిలబడదాం. నాలుగు రిలేలున్నాయి. వాటిలో ఏదో ఒకటి గానీ, ఏవైనా మూడు గానీ, నాలుగూ గానీ పనిచేసినప్పుడే ఐదో రిలే పనిచేయాలి. సున్నా అయినా రెండయినా పనిచేయకూడదు. వరుస, సమాంతర అమరికలతో మామూలుగా సరళం చేస్తే 20 కాంటాక్టులు తేలతాయి. మెట్ల అమరికలో మొదటి రిలేకు 2, రెండోదానికి 4, మూడోదానికి 6. చివరి రిలే దగ్గర చిన్న లాభం ఉంది. అప్పటికే మూడో అంతస్తుకు చేరిన దారి నాలుగో రిలే పనిచేస్తే నాలుగుకు పోతుంది, లేకపోతే మూడులోనే ఉంటుంది. రెండూ మనకు కావలసినవే, కాబట్టి అక్కడ కాంటాక్టే అక్కర్లేదు, తీగ కలిపేస్తే సరి. మిగిలిన మూడు అంతస్తులకు ఒక్కొక్కటి. మొత్తం 15.

ఇరవై నుంచి పదిహేనుకు తెచ్చినవాడు ఎవరైనా అక్కడ కలం దించుతాడు. షానన్ దించలేదు. ప్రశ్నను తిరగేశాడు. ఐదో రిలే ఎప్పుడు పనిచేయకూడదు? సున్నా గానీ రెండు గానీ పనిచేసినప్పుడు. దానికి మెట్ల అమరిక గీస్తే మూడో అంతస్తుతో అసలు పనే లేదు, అక్కడికి ఎక్కించే కాంటాక్టు ఒకటి మిగిలిపోతుంది. 2, 4, 5, 3, వెరసి 14. కానీ ఇది మనకు కావలసినదానికి వ్యతిరేకమైన సర్క్యూట్ కదా? దానికీ మందు ముందు అధ్యాయంలోనే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. తీగలు ఒకదాన్నొకటి దాటకుండా గీయగలిగిన ఏ సర్క్యూట్‌కయినా ఒక జంట సర్క్యూట్ ఉంటుంది, వరుసలు సమాంతరాలవుతాయి, సమాంతరాలు వరుసలవుతాయి. ఆ జంటలో ప్రతి కాంటాక్టునూ తిరగేస్తే మొదటిదానికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది, కాంటాక్టుల సంఖ్య మాత్రం మారదు. అలా 14 కాంటాక్టులతో అసలు సర్క్యూట్ దక్కింది. ఒక్క కాంటాక్టు కోసం ఇంత శ్రమా అనొచ్చు. నాలుగు రిలేల సర్క్యూట్‌లో ఒకటి తగ్గిందంటే సంగతి చిన్నదే. ఆ ఒక్కటి తగ్గించిన పద్ధతి మాత్రం ఎక్కడికైనా పనికొస్తుంది. ఇంతకంటే పొదుపైన సర్క్యూట్ బహుశా లేదని అతను అక్కడ రాసుకున్నాడు. ఆ 'బహుశా'ను గమనించండి. రుజువు తన దగ్గర లేదని తెలిసినవాడి మాట అది.

ఇంకో ఉదాహరణ ఎలక్ట్రిక్ తాళం. తాళం ముందు ఐదు బటన్లు. ఒక నిర్ణీత క్రమంలో నొక్కితేనే తెరుచుకోవాలి, ఎక్కడ తప్పు నొక్కినా అలారం మోగాలి. తాళానికి జ్ఞాపకం కావాలి. ఇప్పటిదాకా ఏ అడుగు పూర్తయిందో అది గుర్తుపెట్టుకోవాలి. అందుకు ఒక్కో అడుగుకు ఒక్కో రిలే. సరైన బటన్ నొక్కగానే ఆ రిలే పనిచేసి, వేలు తీసేసినా పడిపోకుండా తన కాంటాక్టు గుండా తన తీగచుట్టకు తానే కరెంటు అందించుకుంటుంది. ఇవాళ్టి ఫ్లిప్‌ఫ్లాప్ పనే ఇది.

ఇక్కడొక తమాషా ఉంది. మూడో అడుగులో రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. కాగితం మీద 'ఒకేసారి' అని రాయడానికి ఎంతసేపు? మనిషి వేళ్లు మాత్రం ఎప్పుడూ ఒకేసారి పడవు, ఏదో ఒకటి రవ్వంత ముందే తగులుతుంది. ఆ రవ్వంతలో సర్క్యూట్‌కు ఒక్క బటనే కనబడుతుంది, తప్పనుకుని అలారం మోగిస్తుంది. సరిగ్గా నొక్కినవాడే దొంగవుతాడు. షానన్ దీన్ని వదిలెయ్యలేదు. ఆలస్యంగా స్పందించే రిలే ఒకటి అదనంగా పెట్టాడు. రెండింట్లో ఒక్క బటన్ మాత్రమే నొక్కి ఉంచితే, ఆ ఉంచడం ఒక గడువు దాటినప్పుడే అది పనిచేసి అలారం లేపుతుంది. గడువు లోపల రెండో వేలు వచ్చి చేరితే అంతా సవ్యమే. శుద్ధమైన ఆల్జీబ్రాలో కాలానికి చోటు లేదు, 0, 1 తప్ప ఇంకేం లేవు. ఆల్జీబ్రా కట్టిన మనిషే దాని అంచు ఎక్కడుందో చూసి, వేలు కదలికకు విడిగా ఏర్పాటు చేశాడు. థీసిస్ రాసే కుర్రాడు ఇలాంటిది పట్టించుకోకపోయినా పరీక్షకులు అడిగేవాళ్లు కాదేమో. ఈ ఒక్క రిలేను చూస్తే చాలు, షానన్ సర్క్యూట్లను కాగితం మీదే కాక చేతుల్తో కూడా ఎరుగుననిపిస్తుంది.

రెండు అంకెలే ఉన్న పద్ధతిలో సంఖ్యలను కూడే సర్క్యూట్ ఇంకొకటి. ఇందులో కొత్త యంత్రాంగమేమీ లేదు. ఒక్కో స్థానంలో రెండు అంకెలు, కింది స్థానం నుంచి వచ్చిన మిగులు, మొత్తం మూడు. వాటిలో బేసిగా ఒకట్లు ఉంటే జవాబు ఒకటి, రెండు గానీ మూడు గానీ ఉంటే పైకి మిగులు ఒకటి. రెండూ 'ఎన్ని' అన్న ప్రశ్నలే కాబట్టి మెట్ల అమరికే మళ్లీ అక్కరకొచ్చింది. అదే ఏడాది నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ తన వంటింటి బల్ల మీద రెండు రిలేలతో ఇలాంటి కూడిక యంత్రాన్నే తయారుచేశాడు. ఒకరి పని మీద ఇంకొకరు ఆధారపడలేదు. ఆ కాలం అటువంటిది. షానన్ మాత్రం అక్కడితో ఆగకుండా ఒక పెద్ద మాట అనేశాడు. 'అయితే', 'లేదా', 'మరియు' వంటి మాటలతో, పరిమితమైన అడుగుల్లో పూర్తిగా చెప్పగలిగిన ఏ పనినయినా రిలేలతో చేయించొచ్చని. యంత్రం ఏది లెక్కించగలదో చర్చించిన అలన్ ట్యూరింగ్ ప్రసిద్ధ వ్యాసం వెలువడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇంతటి మాటను ఒక ఉదాహరణకు పీఠికలా, గొంతు పెంచకుండా చెప్పి, వెంటనే కాంటాక్టుల లెక్కలోకి దిగిపోవడం నాకు భలే నచ్చుతుంది.

థీసిస్‌కు గైడు గణిత విభాగంలోని ఫ్రాంక్ హిచ్‌కాక్. కృతజ్ఞతల్లో ఆయనతోపాటు బుష్, శామ్యూల్ కాల్డ్‌వెల్ పేర్లున్నాయి. మరుసటి ఏడాది అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘం పత్రికలో ఇది 11 పేజీల వ్యాసంగా అచ్చయింది, ఆల్ఫ్రెడ్ నోబుల్ బహుమతి తెచ్చింది. స్వీడన్ నోబెల్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇది ఇంజినీరింగ్ సంఘాల బహుమతి. ఎమ్మెస్ పట్టా మాత్రం 1940లో, గణితంలో డాక్టరేట్‌తో కలిపి, చేతికొచ్చింది. ఆ డాక్టరేట్ థీసిస్ జన్యుశాస్త్రానికి ఒక ఆల్జీబ్రా కట్టే ప్రయత్నం. దాన్ని అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి థీసిస్‌లో ఒక లోటు ఉంది, అది షానన్‌కూ తెలుసు. ఏ సర్క్యూట్‌కయినా ఇవే అతి తక్కువ కాంటాక్టులని తేల్చే సాధారణ పద్ధతి అందులో లేదు. ఉపాయాలున్నాయి, ఉదాహరణలున్నాయి, ఆ 'బహుశా' ఉంది. తర్వాత 1950లలో కార్నో పటం వచ్చింది, క్వైన్, మెక్‌క్లస్కీల పద్ధతి వచ్చింది, మన పిల్లలు పరీక్షల్లో గళ్లు గీసి చుట్టే సున్నాలు వాటి పుణ్యమే. అవీ కొన్ని రకాల సర్క్యూట్లకే జవాబు చెప్పగలవు. వాటికంటే ముందే షానన్ బెల్ ల్యాబ్స్‌లో ఉండగా 1949లో అదే ప్రశ్నకు మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక్కో సర్క్యూట్‌నూ సానబట్టడం మానేసి, అన్నిటినీ కలిపి లెక్కపెట్టాడు. నాలుగు రిలేలతో అడగదగ్గ ప్రశ్నలు, అంటే వేర్వేరు ఫంక్షన్లు, 65,536. ఐదు రిలేలకు అవి 429 కోట్లు దాటతాయి. కొద్దిపాటి కాంటాక్టులతో అల్లగలిగిన సర్క్యూట్లు అన్ని లేనే లేవు. కాబట్టి దాదాపు అన్ని ఫంక్షన్లకూ, ఎంత తెలివిగలవాడు కూర్చున్నా, కాంటాక్టులు కుప్పలుగా పోయాల్సిందే. రిలే ఒకటి పెరిగినప్పుడల్లా ఆ కుప్ప ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇరవైని పద్నాలుగు చేసినవాడే దీన్ని రుజువు చేశాడు. ఇంత మొండి ఫంక్షన్లు ఎటు చూసినా ఉన్నా, మనం నిజంగా వాడే ఫలానా ఫంక్షన్ అలాంటిదేనని వేలుపెట్టి చూపించి రుజువు చేయడం మాత్రం ఈనాటికీ ఎవరి వల్లా కాలేదు.